చెత్తకుప్పల పొగ గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

మునిసిపల్ కమిషనర్లకు, పంచాయతీ అధికారులకు, కాలుష్య నియంత్రణ, అగ్నిమాపక, వైద్య ఆరోగ్య శాఖల వారికి నమస్కారం.

మాది ప్రకాశం జిల్లాలో జాతీయ రహదారికి దగ్గరగా ఉన్న ఒక చిన్న పట్టణం. ఊరి చెత్తంతా తెచ్చి పోసే స్థలం పాత చెరువు పక్కన ఉంది. దానికి తూర్పున మా కాలనీ, ఆ వెనక రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబాల ఇళ్లు, ఒక అంగన్‌వాడీ, ఒక ప్రాథమిక పాఠశాల ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ కుప్ప కాలుతూనే ఉంటుంది. అర్జీలు ఇచ్చాం, ఫోన్లు చేశాం, ఫొటోలు పంపాం. ప్రతిసారీ వచ్చిన జవాబు ఒకటే: మంటలు ఆర్పివేయడమైనది, సమస్య పరిష్కరించడమైనది.

ఆ జవాబు అబద్ధమని మేము అనడం లేదు. నీళ్ల ట్యాంకరు వచ్చిన మాట నిజం, మంట కనబడకుండా పోయిన మాట నిజం. అయినా ఆ రాత్రంతా మా ఇళ్లలో పిల్లలు దగ్గుతూనే ఉన్నారు. మంట తగ్గాక రోజుల తరబడి వచ్చే పొగే మంట కన్నా ఎక్కువ హాని చేస్తుందన్న సంగతి ఆ జవాబులో ఎక్కడా లేదు. మీ రికార్డుల్లో ఫిర్యాదు ముగిసేది మంట ఆరినప్పుడు. అసలు ప్రమాదం ముదిరేది కూడా అప్పుడే. ఈ సంగతి చెప్పడానికే ఈ లేఖ. కాలేజీలో చాలా ఏళ్లు రసాయన శాస్త్రం చెప్పినవాడిని కనుక కాలనీవాసులు రాసే పని నాకు అప్పగించారు. మా ఊరి పేరు రాయడం లేదు. కోవూరు నుంచి ఒంగోలు దాకా ప్రయాణం చేసేవారికి రోడ్డు పక్కన రగిలే చెత్తకుప్పలు కొత్త కాదు. ఒక్క ఊరికి ట్యాంకరు పంపి సరిపెట్టే విషయం కాదిది.

1. పొగ అంటే వాయువు మాత్రమే కాదు. పూర్తిగా కాలని పదార్థం అతి చిన్న గట్టి నుసిగానూ, జిగట బిందువులుగానూ గాలిలోకి లేచి తేలుతుంది. వాటినే రేణువులు అంటున్నాం. వీటిని మైక్రాన్లలో కొలుస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పొగలోని రేణువుల్లో చాలా భాగం ఒక్క మైక్రాన్ కూడా ఉండవు. అంటే వెంట్రుక అడ్డకోతలో 70 రేణువులు వరుసగా పట్టేంత చిన్నవి. కంటికి కనిపించే బూడిద, ఎగిరివచ్చి ఆరేసిన బట్టల మీద పడే మసి పెద్ద రేణువులు. అవి చిరాకు పెడతాయి గాని వాటిలో ఎక్కువ భాగం ముక్కులోనే, గొంతులోనే ఆగిపోతాయి. కనిపించనివే లోపలికి వెళతాయి. ఉదయపు ఎండలో కాలనీ మీద పల్చటి నీలిరంగు పొర కనబడితే అది మంచు అనుకుంటాం. చాలాసార్లు అది మంచు కాదు. వెలుతురులోని నీలి కిరణాలను ఎక్కువగా చెదరగొట్టేంత చిన్న పొగ రేణువుల పొర అది.

2. మండే మంటకు, రగిలే కుప్పకు తేడా ఉంది. మంట బాగా ఎగసేటప్పుడు వేడి ఎక్కువ, గాలి అందుతుంది, కనుక చాలా పదార్థం కాలిపోతుంది. మిగిలేది నల్లటి మసి. ఒక మైక్రాన్‌లో యాభయ్యో వంతు ఉండే కర్బన పూసలు గొలుసుల్లా అతుక్కుని ఆ మసి ఏర్పడుతుంది. రగిలే కుప్పలో అలా కాదు. లోపల గాలి అందదు, వేడి చాలదు, తడి ఉంటుంది. పదార్థం కాలక ముందే విరిగి తారులాంటి బిందువులుగా బయటికి వస్తుంది. ఆ పొగ తెల్లగా, బూడిదరంగుగా ఉంటుంది. తెల్లగా ఉంది కదా, ఇది ఆవిరే అని సిబ్బంది చెప్పడం మేము విన్నాం. అది ఆవిరి కాదు. ఒకే బరువు చెత్త మండితే వచ్చే రేణువుల కన్నా, కార్బన్ మోనాక్సైడ్ కన్నా అదే చెత్త రగిలితే ఎక్కువ వస్తాయి. పైపైన నీళ్లు చల్లినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. పై పొర తడుస్తుంది, మంట చస్తుంది, నివురు కింద నిప్పు అలాగే ఉంటుంది. కుప్ప అడుగున కుళ్లే తడి చెత్త నుంచి వచ్చే మీథేన్ ఆ నిప్పుకు ఇంధనం అందిస్తూ ఉంటుంది. నాలుగు రోజులకు గాలి మళ్లీ సోకగానే మంట లేస్తుంది. మళ్లీ ఫిర్యాదు, మళ్లీ ట్యాంకరు, మళ్లీ "పరిష్కరించడమైనది".

ఈ వలయం తెగాలంటే కుప్పను పొక్లెయిన్‌తో విడదీయాలి. పొర పొరగా పరచి తడిపి చల్లార్చాలి. పైన మట్టి కప్పాలి. అది ఒక గంట పని కాదు, ఒక ట్యాంకరు పని కాదు. అది మాకూ తెలుసు. అందుకే బడ్జెట్‌తో, బాధ్యతతో చేయమని అడుగుతున్నాం.

3. ఏది కాలుతోందన్నది ముఖ్యం. ఎండుటాకుల పొగ కూడా ఆరోగ్యానికి మంచిది కాదు, కాని మా కుప్పలో ఉన్నవి ఆకులు కావు. పాల ప్యాకెట్లు, క్యారీ బ్యాగులు, థర్మోకోల్, పాత చెప్పులు, పీవీసీ పైపు ముక్కలు, కరెంటు వైర్లు, టైర్లు, వాడిపారేసిన డైపర్లు, అప్పుడప్పుడు మందుల షాపుల చెత్త. పీవీసీలో క్లోరిన్ ఉంటుంది. కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్ల వాయువు వస్తుంది, అదే కళ్లు, గొంతు మండించేది. తీగల్లోని రాగి తోడైతే, పొగ చల్లారే దశలో డయాక్సిన్లు అనే విష రసాయనాలు ఏర్పడటం పెరుగుతుంది. డయాక్సిన్లలో అన్నిటికన్నా విషపూరితమైన దాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే మనుషుల్లో క్యాన్సర్ కారకంగా నిర్ధారించింది. ఒకసారి ఒంట్లో చేరితే అది సగానికి తగ్గడానికి 7 నుంచి 11 ఏళ్లు పడుతుంది. చెత్తను కాల్చడానికి కట్టిన కర్మాగారాల్లో కనీసం 850 డిగ్రీల వేడి నిలబెట్టి, పొగను శుద్ధిచేసి వదలాలని నిబంధన పెట్టింది ఇందుకే. మా చెరువు పక్క కుప్పకు ఆ వేడీ లేదు, ఆ శుద్ధీ లేదు.

డయాక్సిన్లు గాలితో ఆగవు. రేణువుల మీద ఎక్కి గడ్డి మీద, నీటిలో పడతాయి. గేదెలు, ఆవులు ఆ కుప్ప మీదే మేస్తాయి. డయాక్సిన్ కొవ్వులో నిలిచేది కనుక పాల వెన్నలోకి వస్తుంది. మనుషులకు డయాక్సిన్లు చేరే దారుల్లో 90 శాతానికి పైగా ఆహారమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొగ మా కాలనీకే వస్తుందని మిగతా ఊరు నిశ్చింతగా ఉండటానికి లేదు. ఆ పాలు ఊరంతా తాగుతుంది.

4. ఒంట్లో ఏం జరుగుతుంది? 10 మైక్రాన్ల కన్నా పెద్ద రేణువులను ముక్కు వెంట్రుకలు, శ్లేష్మం చాలావరకు ఆపుతాయి. అంతకన్నా చిన్నవి శ్వాసనాళాల్లోకి దిగుతాయి. అక్కడి శైలికలు, అంటే సన్నని వెంట్రుకల్లాంటి భాగాలు, వాటిని కఫంతో పాటు పైకి తోసేస్తాయి. దగ్గు అందుకే. 2.5 మైక్రాన్ల లోపువి వాయుగోణుల దాకా, అంటే ఊపిరితిత్తుల చివర ఉండే చిన్న గాలి తిత్తుల దాకా పోతాయి. అక్కడ శైలికలు లేవు. రోగనిరోధక కణాలు ఒక్కొక్కటిగా మింగి తొలగించాలి, దానికి వారాలు, నెలలు పడుతుంది. ఈలోగా రోజూ కొత్త పొగ వస్తూనే ఉంటే ఆ పని ఎప్పటికీ పూర్తి కాదు. 0.1 మైక్రాన్ కన్నా చిన్నవి కొన్ని రక్తంలోకే దాటుతాయి. ఊపిరితిత్తుల్లో వాపు వస్తుంది, రక్తం గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి.

అందుకే పొగ జబ్బు అంటే ఆయాసం ఒక్కటే కాదు. గాలిలో సూక్ష్మ రేణువులు పెరిగిన గంటల్లో, రోజుల్లో గుండెపోట్లు, పక్షవాతం కేసులు పెరుగుతాయని అనేక దేశాల్లో గమనించారు. బయటి గాలి కాలుష్యాన్ని, అందులోని రేణువులను 2013లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చారు. సిగరెట్ పొగ ఉన్న వర్గమది. 2019లో బయటి గాలి కాలుష్యం వల్ల ప్రపంచవ్యాప్తంగా 42 లక్షల మంది అకాలంగా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మా ప్రాంతంలో గుండెపోటుతో పోయినవారి ఇంట్లో ఎవరూ పొగ పేరు ఎత్తరు. బీపీ ఉంది, షుగరు ఉంది అంటారు. అవి ఉన్నవారికే పొగ ముందుగా ప్రాణం మీదికి తెస్తుంది.

కార్బన్ మోనాక్సైడ్ గురించి రెండు మాటలు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కుప్ప దగ్గర పనిచేసేవారికి వచ్చే తలనొప్పికి, వికారానికి ఎండదెబ్బ ఒక్కటే కారణమని కొట్టిపారేయకండి.

5. ముందుగా దెబ్బతినేది ఎవరు? నెలల పాప నిమిషానికి 30 సార్లకు పైగానే ఊపిరి తీస్తుంది, పెద్దవాళ్లు 12 నుంచి 18 సార్లు. ఒంటి బరువుతో పోల్చితే పసిపిల్లలు పీల్చే గాలి మనకన్నా చాలా ఎక్కువ, వాళ్ల ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతున్నాయి. గర్భిణులు ఈ పొగ పీలిస్తే తక్కువ బరువు బిడ్డలు, నెల నిండని కాన్పులు పెరుగుతాయి. అంగన్‌వాడీలో గర్భిణులకు గుడ్లు, పాలు ఇస్తున్నారు. అదే అంగన్‌వాడీ కిటికీలోంచి ఈ పొగ లోపలికి వస్తోంది. ఒక శాఖ పోస్తున్న బలాన్ని ఇంకో శాఖ నిర్లక్ష్యం తీసేస్తోంది.

అందరికన్నా ముందు పొగ తాగేది పారిశుద్ధ్య కార్మికులు, కుప్ప మీద ఇనుము, ప్లాస్టిక్ ఏరుకుని బతికేవాళ్లు. వైరు కాల్చి రాగి తీసేవారే నిప్పు పెడుతున్నారని కార్యాలయాల్లో అంటారు. కొందరు పెడుతుండవచ్చు. కాని చెత్త తరగాలని నిప్పు పెట్టమని పైనుంచే చెప్పిన సందర్భాలు కార్మికులే మాకు చెప్పారు. కిలో రాగికి వచ్చే నాలుగు డబ్బుల కోసం ఆ పొగలో నిలబడే మనిషిని దోషిగా చూపి ఈ విషయం ముగించవద్దు. వైరు తొక్క ఒలిచే చిన్న యంత్రం ఒకటి కుప్ప దగ్గర పెడితే కాల్చే అవసరమే ఉండదు.

మూతికి తువ్వాలు కట్టుకుంటే చాలని కార్మికులకు చెబుతున్నారు. గుడ్డ మాస్కు, తడి తువ్వాలు దుమ్మును కొంత ఆపుతాయి, పొగ రేణువులను ఆపలేవు. ఎన్-95 రకం మాస్కు ముఖానికి బిగుతుగా అమరితే 0.3 మైక్రాన్ల రేణువులను కనీసం 95 శాతం ఆపుతుంది. అదీ వాయువులను ఆపదు.

6. రాత్రి పొగే ఎందుకు ఎక్కువ బాధిస్తుందో చూడండి. చలికాలంలో సూర్యాస్తమయం తర్వాత నేల త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లగా, దాని పైన గాలి వెచ్చగా ఉంటుంది. మామూలుగా పైకి లేచి చెదిరిపోవాల్సిన పొగ ఆ వెచ్చని పొర కింద చిక్కుకుని నేల మట్టంలో పాకుతుంది. మన తీరంలో పగలు సముద్రం నుంచి గాలి వీస్తుంది, రాత్రి నేల మీది నుంచి సముద్రం వైపు మళ్లుతుంది. కుప్పకు తూర్పున ఉన్నవాళ్లం రాత్రంతా ఆ దారిలో పడుకుంటాం. తనిఖీకి వచ్చే అధికారి పగలు పదకొండింటికి వస్తారు. అప్పటికి గాలి అటు తిరిగి ఉంటుంది.

రేణువులు నేల మీద పడిపోతాయి కదా అని అడిగినవారూ ఉన్నారు. నిశ్చలమైన గాలిలో 10 మైక్రాన్ల రేణువు మీటరు దిగడానికి ఐదారు నిమిషాలు చాలు. ఒక మైక్రాన్ రేణువుకు సుమారు 8 గంటలు పడుతుంది. 0.1 మైక్రాన్ రేణువుకు పది రోజులు దాటుతుంది. పొగలో ఎక్కువ ఉన్నవి ఈ చివరి రెండు రకాలే. సాయంత్రం కాల్చింది తెల్లవారేసరికి సర్దుకుంటుందన్న లెక్క తప్పు.

ఇంకో లెక్క కూడా చెబుతాను, ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఆరుబయట ఒక టన్ను చెత్త కాలితే సుమారు 10 కిలోల సూక్ష్మ రేణువులు వెలువడతాయని శాస్త్రవేత్తల అంచనా. మన దేశ ప్రమాణం ప్రకారం 24 గంటల సగటున ఒక ఘనపు మీటరు గాలిలో 2.5 మైక్రాన్ల లోపు రేణువులు 60 మైక్రోగ్రాములు (మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు) మించకూడదు. 10 కిలోలను ఆ మోతాదుకు పలచన చేయాలంటే 16 కోట్ల ఘనపు మీటర్లకు పైగా గాలి కావాలి. అంటే ఒక చదరపు కిలోమీటరు మేర, 160 మీటర్లకు మించిన ఎత్తు దాకా ఉన్న శుభ్రమైన గాలి మొత్తం. ఒక్క ట్రాక్టరు ట్రక్కు చెత్త చేసే పని ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితి 60 కాదు, 15. దాని ప్రకారం అయితే కావలసిన గాలి నాలుగు రెట్లు.

7. కొలత లేదు కనుక కాలుష్యం లేదనకండి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో మన రాష్ట్రం నుంచి నెల్లూరు, ఒంగోలు కూడా చేరాయి. ఆ రెండు నగరాల్లో గాలిని కొలుస్తున్నారు. మా పట్టణంలో ఆ యంత్రం లేదు. కాలుష్యం ఎంతో చెప్పమంటే సమాచారం లేదంటారు, సమాచారం లేదు కనుక చర్య లేదంటారు. ఈ రెండు మాటల మధ్య మేము ఊపిరి తీస్తున్నాం.

8. చట్టం కొత్తగా రావలసిన పని లేదు. చెత్తను వీధిలో, బహిరంగ స్థలంలో కాల్చరాదని 2016 ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి. రోడ్లు ఊడ్చి పోగేసిన ఆకులను పారిశుద్ధ్య సిబ్బంది కాల్చకుండా చూడటం స్థానిక సంస్థల బాధ్యత అని కూడా వాటిలోనే రాశారు. 2016 డిసెంబరు 22న జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగ స్థలాల్లోనూ, డంపింగ్ యార్డుల్లోనూ చెత్త కాల్చడాన్ని పూర్తిగా నిషేధించింది. మామూలుగా కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాల్చితే 25,000 రూపాయలు పర్యావరణ పరిహారం కట్టాలని చెప్పింది. 1981 గాలి చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం ఇంధనం కాని వస్తువులను కాల్చడాన్ని ఒక ప్రాంతంలో నిషేధించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. కాలుష్యం లేని నీరు, గాలి జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఇంటి ముందు ఆకులు కాల్చిన ముసలమ్మను మందలించిన సిబ్బందిని చూశాం. డంపింగ్ యార్డు కాలినందుకు ఏ కార్యాలయమైనా పరిహారం కట్టినట్టు మా ఊళ్లో ఎవరికీ తెలియదు.

9. చెత్త ఒక్కటే కాదని తెలుసు, కనుక మిగతావి కూడా చెబుతాను. పెన్నా ఆయకట్టులో హార్వెస్టరుతో వరి కోసిన తర్వాత గడ్డి పొలమంతా చెదిరి పడుతోంది. చేత్తో కోసిన రోజుల్లో కుప్పలు, వాములు వేసుకునే గడ్డి ఇప్పుడు పోగు చేయడానికే ఖర్చు ఎక్కువ. తర్వాతి పంటకు తొందర, అందుకే కాలుస్తున్నారు. టన్ను గడ్డి కాలితే సుమారు 3 కిలోల రేణువులు, 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్ గాలిలో కలుస్తాయని, నేలకు చేరాల్సిన 25 కిలోల వరకు పొటాష్, 5 కిలోలకు పైగా నత్రజని రైతు చేజారుతుందని వ్యవసాయ శాస్త్రవేత్తల అంచనా. రైతు మీద కేసు పెట్టడం కన్నా గడ్డి చుట్టే యంత్రం సమయానికి అద్దెకు అందించడం మేలు. కోసిన వారంలో యంత్రం దొరికితే కాల్చే రైతు ఎవరూ ఉండరు, మెట్ట గ్రామాల్లో ఆ గడ్డి కోసం పశువులు ఎదురుచూస్తున్నాయి.

ప్రకాశంలో పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు ఒక్కో విడత రోజుల తరబడి కట్టెలతో మండుతాయి. కట్టె పచ్చిగా ఉంటే పొగ ఎక్కువ, కట్టె కూడా ఎక్కువ ఖర్చు. ఎండుకట్టె వాడటం రైతుకే లాభం. బ్యారన్ పొయ్యిలో టైరు ముక్కలు, ప్లాస్టిక్ వేయకుండా చూస్తే చాలు, ఇంతకుమించి ఆ రైతులను వేధించమని మేము కోరడం లేదు.

భోగి మంటల మాట కూడా ఎత్తాలి. పిడకలు, కట్టెలు, పాత చాపలు వేసే మంట వేరు. తెల్లవారుజామున, గాలి కదలని వేళ, నడివీధిలో టైర్లు పోగేసి కాల్చడం మన ఆచారం కాదు. టైరు పొగలో మసితో పాటు గంధకపు వాయువులు, క్యాన్సర్ కారకమైన బెంజోపైరీన్ ఉంటాయి. ఇది మా కాలనీ కుర్రాళ్లకు కూడా చెప్పుకున్నాం. ఇంట్లో దోమల చక్రాల గురించి కూడా చెప్పుకోవాలి. మూసిన గదిలో ఒక చక్రం పూర్తిగా కాలితే విడుదలయ్యే సూక్ష్మ రేణువులు 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని ఒక అధ్యయనం తేల్చింది. మురుగు కాలువలు తీస్తే దోమలు తగ్గుతాయి, దోమలు తగ్గితే చక్రాలు తగ్గుతాయి. అదీ తిరిగి మీ దగ్గరికే వస్తుంది.

ఇవన్నీ చూసి మేము కోరేవి ఇవి. అభ్యర్థనలుగా ఇంతకుముందు ఇచ్చాం, ఇప్పుడు డిమాండ్లుగా ఇస్తున్నాం.

1. చెత్తకుప్ప అగ్ని ఫిర్యాదును "మంట ఆరింది" అన్న కారణంతో మూసివేయరాదు. పొగ పూర్తిగా ఆగి 48 గంటలు గడిచాక, ఫిర్యాదు చేసినవారి సంతకంతో మాత్రమే మూసివేయాలి. తనిఖీల్లో ఒకటైనా రాత్రి తొమ్మిది తర్వాత జరగాలి.

2. ప్రతి డంపింగ్ యార్డుకు మట్టి నిల్వ, పిలిస్తే వచ్చే పొక్లెయిన్, నీటి వసతి ముందే సిద్ధం చేయాలి. రగిలే కుప్పను విడదీసి చల్లార్చి మట్టి కప్పే పద్ధతిని రాతపూర్వకంగా ఖరారు చేసి, అగ్నిమాపక శాఖతో కలిసి సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి.

3. తడి, పొడి చెత్త ఇంటి దగ్గరే వేరు చేయించి, వాహనంలోనూ వేరుగానే తీసుకెళ్లాలి. ఇళ్లలో వేరు చేసి ఇచ్చినవి వాహనంలో కలిపేయడం మేము కళ్లారా చూస్తున్నాం. దానివల్ల జనానికి ఈ పని మీద నమ్మకమే పోతోంది. పంచాయతీల్లో కట్టిన, చెత్త నుంచి సంపద తయారుచేసే కేంద్రాలకు తాళాలు తీయండి. నెలనెలా మూడో శనివారం జరిగే స్వచ్ఛాంధ్ర కార్యక్రమంలో పోగయ్యే చెత్త ఎక్కడికి చేరిందో ఆ వారంలోనే నోటీసు బోర్డులో పెట్టండి.

4. పాత కుప్పలను తవ్వి, జల్లెడ పట్టి, ప్లాస్టిక్, మట్టి వేరు చేసే పనికి ప్రతి పట్టణంలో గడువు తేదీ ప్రకటించాలి. కుప్ప ఉన్నంతకాలం దానికి నిప్పు అంటుకునే అవకాశం ఉంటుంది.

5. పారిశుద్ధ్య కార్మికులకు ఎన్-95 మాస్కులు, చేతి తొడుగులు, ఏడాదికి ఒకసారి ఊపిరితిత్తుల పరీక్ష అందాలి. కాంట్రాక్టు కార్మికులను, చెత్త ఏరుకునేవారిని కూడా ఇందులో చేర్చాలి. నిప్పు పెట్టమని కార్మికుడికి మౌఖికంగా చెప్పిన పర్యవేక్షకుడి మీదే చర్య ఉండాలి, కార్మికుడి మీద కాదు.

6. డంపింగ్ యార్డుకు కిలోమీటరు లోపు ఉన్న ప్రతి పాఠశాల, అంగన్‌వాడీ దగ్గర గాలిలోని సూక్ష్మ రేణువులను నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పగలు, రాత్రి కొలిచి, ఫలితాలు తెలుగులో బయట పెట్టాలి. ఖరీదైన కేంద్రం కట్టేదాకా ఆగవద్దు, తీసుకెళ్లి పెట్టే చిన్న యంత్రాలతో మొదలుపెట్టండి.

7. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఆయాసం, ఉబ్బసం, గుండె జబ్బులతో వచ్చినవారిని బీడీ, సిగరెట్ తాగుతారా అని అడిగి ఊరుకోకుండా, ఇల్లు కుప్ప పక్కనా, కట్టెల పొయ్యి ఉందా, బ్యారన్‌లో పని చేస్తారా అని అడిగి రాయాలి. జీవితంలో బీడీ ముట్టని ఆడవాళ్లకు పొయ్యి పొగ వల్లే ఊపిరితిత్తులు బిగుసుకుపోయే జబ్బు వస్తోంది. వాళ్లను ఎవరూ లెక్కించడం లేదు. పొగ ఎక్కువ ఉన్న రోజుల్లో నెబ్యులైజర్, ఇన్‌హేలర్ మందులు రాత్రివేళ కూడా అందుబాటులో ఉండాలి.

8. భోగికి నెల ముందే టైర్ల పంక్చరు షాపుల నుంచి పాత టైర్లు సేకరించి పునర్వినియోగానికి పంపాలి. నిషేధ ప్రకటన ఒక్కటే ఇస్తే ఆ టైర్లు మళ్లీ వీధిలోకే వస్తాయి.

వీటిలో మొదటిది, అయిదోదానిలో పర్యవేక్షకుడి మీద చర్య అన్న భాగం అమలు చేయడానికి నిధుల మంజూరు కోసం ఎదురుచూడనక్కరలేదు. ఒక సర్క్యులర్ చాలు. మిగతావాటికి ఎంత సమయం కావాలో మీరే చెప్పండి, కాని రాతపూర్వకంగా, తేదీతో చెప్పండి. ఈ లేఖ చేరిన 30 రోజుల్లో జవాబు వస్తుందని ఆశిస్తున్నాం. రాకపోతే మా దగ్గర ఉన్న ఫొటోలు, అర్జీల రసీదులు, మూసివేసిన ఫిర్యాదుల సందేశాలు తీసుకుని హరిత ట్రిబ్యునల్‌కు వెళతాం. ఈలోగా రాత్రి పొగ లేచినప్పుడు సమయం, గాలి దిశ రాసిపెట్టే పని మా కాలనీ యువకులు మొదలుపెట్టారు. ఆ పుస్తకం నకలు ప్రతి సోమవారం మీ కార్యాలయానికి పంపుతాం.

ఇట్లు,
డంపింగ్ యార్డు పక్క కాలనీవాసుల తరఫున
ఒక విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకుడు
ప్రకాశం జిల్లా